ట్రాక్టరు ఇంజను బోరు చేయించునపుడు: మెకానిక్కు ఎంపిక, తగవు వచ్చినపుడు చేయదగిన పని

రామగుండము, గోదావరిఖని, మంథని పరిసర గ్రామములలో ట్రాక్టరుకు ఏడాది పొడుగునా పని కలదు. వానకాలమున దమ్ము, యాసంగికి మరల దమ్ము, నడుమ ఇటుక, మట్టి తోలకము. కావున “ఇంజను బోరుకు వచ్చినది” అను మాటను ట్రాక్టరు గల రైతు ఏనాడో ఒకనాడు వినక తప్పదు.

ఈ వ్యాసకర్త సస్యశాస్త్రము బోధించువాడు, యంత్రశాస్త్రజ్ఞుడు కాడు. అయినను ఈ సంగతి వ్రాయుటకు కారణము కలదు. స్వల్పకాలిక వరి నారును 21 నుండి 25 రోజుల వయసులో నాటవలెను. నారు ముదిరినకొలది పిలకలు తగ్గును. దమ్ము వేళ ఇంజను ఆగినచో కలుగు నష్టము మెకానిక్కు బిల్లులో కానరాదు, కల్లములో కానవచ్చును.

మన ప్రాంతపు ఇంజనులకు పెద్ద శత్రువు దుమ్ము. బొగ్గుపొడి కన్న, ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గుపై నుండి తొలగించిన మట్టి, ఇసుకరాతి పొడి ఎక్కువ హాని చేయును. ఇసుకరాతిలోని రేణువు ఇనుమును గీయగలదు. గాలి గొట్టమునకు చిన్న చీలిక యున్నను, ఫిల్టరు అడుగున రబ్బరు సరిగా కూర్చొనకున్నను ఆ పొడి సిలిండరులోనికి పోయి, పైరింగును, లైనరు పైభాగమును అరగదీయును. గాలి దారి బాగుచేయక క్రొత్త పిస్టను, రింగులు, లైనరు వేసినచో అవియు కొద్ది కాలములోనే అరుగును. అప్పుడు మెకానిక్కు “నీవు ఫిల్టరు చూచుకొనలేదు” అనును. రైతు “నీ పని చెడ్డది” అనును. తగవులలో చాలవరకు ఇచ్చటనే పుట్టును.

పొగ కనబడినంతనే ఇంజను విప్పనక్కరలేదు. నల్లపొగ చాలసార్లు గాలి చాలకనో, నాజిల్ చెడియో, మోయలేని బరువు వలననో వచ్చును. నీలిపొగ వచ్చుచు, ఆయిలు తరచుగా పోయవలసివచ్చుచు, ఇంజను నడుచునపుడు ఆయిలు పోయు మూత తీయగా పొగ ఒత్తిడితో ఎగజిమ్ముచున్నచో అప్పుడు బోరును అనుమానింపవచ్చును. నమ్మదగిన మెకానిక్కును గుర్తించుటకు ఇదియే మొదటి పరీక్ష. అతడు ముందు ఫిల్టరు, గొట్టము, నాజిల్ చూచును. కంప్రెషను కొలిచి చూపును. చూచీ చూడకముందే “దింపేద్దాం” అనువాని వద్ద మరొకసారి ఆలోచింపుడు.

రెండవ పరీక్ష కొలత. లైనరును పైన, నడుమ, క్రింద, రెండేసి దిక్కులలో బోరు గేజితో కొలువవలెను. క్రాంకును మైక్రోమీటరుతో కొలువవలెను. క్రాంకు అరిగినచో లేతు షాపులో సాన పట్టి, దానికి తగిన అండరు సైజు బేరింగులు వేయుదురు. మనవారు పది, ఇరవై, ముప్పై అని పిలుచునవి అంగుళములో వేయవ వంతుల లెక్క. మిల్లీమీటర్లలో ఇంచుమించు 0.25, 0.50, 0.75. మీ క్రాంకు ఇప్పుడు ఏ సైజులో నున్నదో, ఇంకెన్ని సార్లు సాన పట్టవచ్చునో అడుగుడు. కొలత కాగితము మీద వ్రాసి ఇచ్చువాడు తన పనికి తానే సాక్ష్యము పెట్టుచున్నాడు. వ్రేలితో తడిమి “బాగుంది” అనువాడు అనుభవజ్ఞుడే కావచ్చును, కాని రేపు తగవు వచ్చినపుడు ఆ వ్రేలు సాక్ష్యము చెప్పదు.

తోలకము చేయువారికి ఇంకొక ఆశ చూపుదురు: డీజిలు పంపు పెంచి ఇంజనుకు బలము ఎక్కింతుమని. సిలిండరులోనికి వచ్చు గాలి పెరుగక డీజిలు మాత్రము పెరిగినచో కొంత బలము తోచును గాని, నల్లపొగ, అధిక వేడిమి, తుదకు పిస్టను చెడుట తప్పవు. కంపెనీ నిర్ణయించిన కొలత దాటి పంపు బిగింపరాదని ముందే చెప్పుడు.

మా పెదనాన్నగారి ట్రాక్టరు కథ చెప్పెదను. జూన్ నెలలో బోరు చేయించిరి. అరువది గంటలు నడిచినదో లేదో మరల నీలిపొగ. కోపముతో ఆయన మొదటి మెకానిక్కునకు కబురైనను చేయక, బండిని వేరొకరి వద్దకు తోలుకొనిపోయిరి. అతడు విప్పి, క్రొత్త కిట్టు వేసి, గాలి గొట్టములో చీలిక చూపెను. పాత సామాను పాత ఇనుపవానికి పోయినది. తరువాత మొదటి మెకానిక్కును నిలదీయగా అతడు “నేను చూడకముందే విప్పినారు, నేనేమి చెప్పగలను?” అనెను. ఆ చీలిక అతడు చూడక వదలినదో, పొలములో కంప తగిలి అయినదో నేటికిని తేలలేదు. పదునొకండు రోజులు పోయినవి. నాట్లు పడునప్పటికి నారు వయసు 36 రోజులు. ఆయన ఎవరిని తిట్టవలెనో తెలియక వాననే తిట్టుచుండెడివారు.

కావున బండి ఇచ్చునాడే తగవునకు సిద్ధపడవలెను. తగవు కోరుమని నా భావము కాదు. ఏ పని చేయుదురు, ఏ కంపెనీ సామాను, వెల ఎంత, కూలి ఎంత, ఎన్నాళ్లలో ఇత్తురు, ఎన్ని గంటలు లేక ఎన్ని నెలలు పూచీ అనునవి ఒక కాగితముపై వ్రాసి ఇద్దరును సంతకము చేయుడు. విప్పిన పిదప అదనపు పని బయటపడినచో మీ సమ్మతి లేక చేయరాదని అందు చేర్చుడు. సామాను బిల్లు మీ పేర తీసుకొనుడు. పాత పిస్టను, రింగులు, బేరింగులు ఇంటికి తెచ్చుకొనుడు. మీటరులోని గంటలను బండి ఇచ్చునాడును, తెచ్చునాడును ఫోనుతో ఫోటో తీయుడు. ఆయిలు మార్చిన రోజు, ఫిల్టరు శుభ్రపరచిన రోజు ఒక పుస్తకములో వ్రాయుడు. ఇందులో రైతు పూచీయు కలదు. పుస్తకము ఖాళీగా నున్నచో మెకానిక్కు మాట నెగ్గవచ్చును.

ఇంజను మరల చెడినచో వెంటనే ఆపుడు. “ఈ ఒక్క మడి” అని నడిపినచో దోషపు గుర్తులు చెరిగిపోవును. మొదటి మెకానిక్కునకే తెలిపి, ఇద్దరి యెదుట విప్పింపుడు. మాట కలియకున్నచో దగ్గరి పాలిటెక్నిక్ అధ్యాపకునో, ఉభయులకు నమ్మకమైన మరొక మెకానిక్కునో పిలిచి అభిప్రాయము వ్రాయించుకొనుడు. అతడు రానే రానన్నచో స్పీడ్ పోస్టులో ఉత్తరము వ్రాసి, గడువు పెట్టి, రసీదు దాచుడు.

కూలి చెల్లింపలేదని బండి ఆపినచో బలవంతముగా తోలుకొనిరాకుడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను ప్రకారము, ఒప్పందము మేరకు నైపుణ్యముతో పనిచేసినవాడు తన కూలి వచ్చువరకు ఆ వస్తువును తనవద్ద ఉంచుకొనవచ్చును. దమ్ము ముంచుకొని వచ్చుచున్నచో, ఆక్షేపణ తెలుపుచు చెల్లించుచున్నానని వ్రాసి ఇచ్చి, సొమ్ము కట్టి బండి తెచ్చుకొని, తగవు తరువాత నడుపుట మేలు.

మాటలతో తెగనిచో 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రమునకు చెప్పవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. మెకానిక్కు పరఊరివాడైనను మీరు నివసించు జిల్లాలోనే వేయవచ్చును. రెండు సంవత్సరముల లోపల వేయవలెను. స్వయముగా వాదించుకొనవచ్చును. తన పొలము దున్నుకొని బ్రతుకు రైతుకు ఈ రక్షణ కలదు. పెక్కు బండ్లు పెట్టి అద్దెల వ్యాపారము నడుపువానికి “వాణిజ్య ప్రయోజనము” అను ఆక్షేపణ ఎదురుకావచ్చును.

2012 జనవరిలో సుప్రీంకోర్టు, జాతీయ విత్తన సంస్థకును ఆంధ్రప్రదేశ్ రైతులకును నడిచిన వ్యాజ్యములో, విత్తనము కొన్న రైతు వినియోగదారుడే అని తీర్పు చెప్పినది. పరీక్ష కొరకు రైతు కొంత విత్తనము దాచియుంచునని ఆశింపరాదని కూడ భావించినది. కాని విత్తనము మట్టిలో కలిసిపోవును, పిస్టను కలిసిపోదు. దానిని దాచలేదనుటకు మనకు సాకు లేదు.

ఇక కాలము. బోరు అయిన ఇంజనును మొదటి 50 గంటలు తేలిక పనిలో నడిపి, ఆ పిమ్మట ఆయిలు మార్చుట వాడుక. జూలైలో బోరు చేయించి మరునాడే కేజివీల్స్ కట్టి దమ్ములో దింపినచో ఆ గంటలు దొరకవు. యాసంగి కోతలు ముగియగానే, మే నెలలోనే విప్పించినచో, తొలకరి దుక్కులతో ఆ గంటలు గడచిపోవును. లోపమున్నచో నారు పోయకముందే బయటపడును.