మాఘమాసమున వచ్చు పుస్తకములు

వడ్డాది, మాఘమాసము.

సంక్రాంతి వెళ్లి మాఘము ప్రవేశించినది మొదలు మా వడ్డాది, చోడవరము ప్రాంతములందు గాలియే తీపియై వీచును. గానుగలు తిరుగును, పెనములయందు చెరకురసము మరగును, బెల్లపు దిమ్మలు బండ్లకెక్కి అనకాపల్లి మార్కెట్టునకు తరలును. ఏడాది పొడుగునను అప్పులు చేసి, నీరు కట్టి, చెరకు పెంచిన రైతు చేతికి నాలుగు రూపాయలు వచ్చు ఋతువిది. పెండ్లిండ్లకు ముహూర్తములు పెట్టుకొనునదియు నీ మాసముననే. బంగారపు అంగడివాడును, బట్టల వర్తకుడును దీని నెరిగియే తమ క్రొత్త సరకును సిద్ధము చేసికొందురు.

ఇదే మాసమున మఱియొక సరకు గూడ మన పట్టణములకు వచ్చుచున్నది. దానికి చాటింపు లేదు; దాని కొరకు ఎదురుచూచువారును తక్కువ. అది తెలుగు పుస్తకము.

శీతకాలము చివరనే క్రొత్త పుస్తకములేల వచ్చుననగా, దానికి స్పష్టమైన కారణము కలదు. హైదరాబాదు పుస్తక ప్రదర్శనము సామాన్యముగా డిసెంబరు మాసమున జరుగును. 1989లో ఆరంభమైన విజయవాడ పుస్తక మహోత్సవము జనవరి మొదటి దినములలో సాగును. రచయితలును ప్రకాశకులును ఈ రెండింటిని లక్ష్యమునం దుంచుకొని కార్తికము మొదలు ముద్రణాలయములను తొందరపెట్టుదురు. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారములు గూడ సాధారణముగా డిసెంబరు ప్రాంతముననే ప్రకటింపబడును. ప్రదర్శనములు ముగిసి, డేరాలు విప్పి, లెక్కలు చూచికొనిన పిదప మిగిలిన కట్టలు ఊళ్లకు బయలుదేరును. కావున విజయవాడ ఏలూరు రోడ్డు మీద పుష్యమాసమున కనబడిన పుస్తకము మన్యపు టంచుననున్న మన ఊళ్లను చేరుసరికి మాఘ ఫాల్గుణములగును.

కట్టలో నేమున్నది?

అట్టి కట్ట విప్పినప్పుడు కనబడు వానిని కొంచెము విచారింతము. ముందుగా పురస్కారము పొందిన పుస్తకములు. 2022లో మధురాంతకము నరేంద్ర గారి నవల ‘మనోధర్మపరాగం’ నకును, 2023లో తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారి కథాసంపుటి ‘రామేశ్వరం కాకులు’ నకును, 2024లో పెనుగొండ లక్ష్మీనారాయణ గారి విమర్శగ్రంథము ‘దీపిక’ కును అకాడమీ గౌరవము లభించినది. పత్రికలో పేరు చదివిన పాఠకుడు మరునాడు అంగడికి వచ్చి దానినే అడుగును. అడిగిన దినమున లేనిచో మఱల రాడు.

పిదప కథలు. కథాసాహితివారు 1990 మొదలు ఏడాదికొక సంకలనము వెలువరించుచున్నారు. ముప్పదియైదేండ్ల తెలుగు జీవితమును తెలిసికొనగోరువానికి ఆ సంపుటముల వరుస చాలును. 1980లో స్థాపితమైన హైదరాబాదు బుక్ ట్రస్టు అన్యభాషల గ్రంథములను తెలుగువారికి అందించుచున్నది. ఛాయ, అన్వీక్షికి మొదలైన క్రొత్త సంస్థలు యువకుల రచనలను ధైర్యముతో అచ్చువేయుచున్నవి. కట్ట అడుగున గురజాడ, శ్రీశ్రీ, రావిశాస్త్రి ప్రభృతుల పాత గ్రంథముల పునర్ముద్రణములుండును. గురజాడ అప్పారావు గారు 1862లో జన్మించిన రాయవరము 2022 ఏప్రిలు 4న ఏర్పడిన మన అనకాపల్లి జిల్లాలోనిదే. ఆయన పుట్టిన జిల్లాలో ‘కన్యాశుల్కము’ అడిగిన వెంటనే దొరకని అంగళ్లున్నచో, ఆ లజ్జ అంగడివానిదా, అడుగని మనదా?

వీని యన్నింటికంటె ముందు అమ్ముడుపోవునది వేరొకటి కలదు. ఉగాదికి ముందు వచ్చు పంచాంగము! పుస్తకమనుమాట యెరుగని యింటగూడ చూరున పంచాంగము వ్రేలాడును. ఇది నవ్వదగిన విషయము కాదు. అవసరమని తోచినచో ప్రతి తెలుగు గృహస్థుడును పుస్తకము కొనుననుటకు ఇదియే నిదర్శనము. తక్కిన పుస్తకములును అట్టి అవసరములేయని అతనికి తోపజేయుటయే మిగిలిన పని.

అంగడివాని లెక్క

చిన్న పట్టణములందు పుస్తకముల అంగడి యనబడునది వాస్తవముగా నోటు పుస్తకముల అంగడి. పరీక్షల గైడ్లు, కలములు, కాగితములు దాని ప్రాణము. సాహిత్యము వెనుక అలమరలో నొక అరను ఆక్రమించుకొని యుండును. ఏ పెద్ద సంస్థకును, ఏ పక్షమునకును శాఖగాక, తన సొంత పెట్టుబడితో, తన సొంత అభిరుచితో ఆ యొక్క అరను నింపు వర్తకుడు మన ఆదరమునకు పాత్రుడు. ఏలయన, అతని లెక్క యెట్టిదో చూడుడు.

200 రూపాయల వెలగల పుస్తకము ననుకొందము. ప్రకాశకుడు నూటికి 30 వంతున తగ్గించి యిచ్చినచో, పది ప్రతులకు అంగడివాడు 1,400 రూపాయలు చెల్లింపవలెను. ఆరు ప్రతులు అమ్ముడుపోయి నాలుగు మిగిలినచో అతని చేతికి వచ్చినది 1,200 రూపాయలు మాత్రమే. అద్దెయు, రవాణాయు, పనివాని జీతమును లెక్కింపకయే 200 రూపాయలు అలమరలో చిక్కుకొన్నవి. ఏడవ ప్రతి అమ్మువరకు అతనికి మొదలు రాదు. అందు మీద మనము పోయి నూటికి పది తగ్గింపుమని బేరము చేయుదుము. బెల్లపు దిమ్మకు వెల తగ్గినచో గగ్గోలుపెట్టు మనము, పుస్తకము వెల తగ్గింపలేదని అలుగుట న్యాయమా?

ఇక ప్రభుత్వపు చేతులు. చిరకాలముగా ప్రకాశకులును పాఠకులును ఆశ్రయించుకొనియుండిన చౌక రిజిస్టర్డు బుక్ పోస్టును తపాలాశాఖవారు 2024 డిసెంబరు 18న ఎత్తివేసిరి. దేశమంతటను ఆందోళన చెలరేగినది. పిదప 2025 మే 1 నుండి ‘జ్ఞాన్ పోస్ట్’ అను ఏర్పాటు వచ్చినది. పన్నులు గాక, 300 గ్రాముల కట్టకు 20 రూపాయలు, 5 కిలోల కట్టకు 100 రూపాయలు దాని రుసుములు. ఇది కొంత ఉపశమనమే. కాని 2025 సెప్టెంబరు 22న పన్నుల మార్పు జరిగినప్పుడు నోటు పుస్తకములకు పన్ను తీసివేసి, పుస్తకములు అచ్చువేయు కాగితముపై పన్నును నూటికి 12 నుండి 18కి పెంచిరి. అచ్చయిన పుస్తకముపై పన్ను లేదన్నది నిజమే. కాని కాగితముపై కట్టిన పన్నును తిరిగి పొందు మార్గము ప్రకాశకునికి లేదు. తుదకు ఆ భారము పుస్తకపు వెలలో చేరి పాఠకునిపై పడును. తెల్లకాగితమునకు పన్ను లేక, అక్షరము పడిన కాగితమునకు పన్ను గలుగుట జ్ఞానాభివృద్ధి కోరు రాజ్యమునకు శోభింపదు. మన ప్రతినిధులు దీనిని శాసనసభలయందును పార్లమెంటునందును ప్రశ్నింపవలెను.

మన పూర్వుల మార్గము

ఇంతకంటె గడ్డుదినములలో మన పెద్దలు పుస్తకమును నిలిపిరి. వావిళ్ల రామస్వామి శాస్త్రులు గారు 1854లో మద్రాసున ముద్రణాలయము నెలకొల్పి ప్రాచీన గ్రంథములను తెలుగువారి ఇండ్లకు చేర్చుటకు దారితీసిరి. 1886లోనే విశాఖపట్టణమున మంతిన ఆదినారాయణమూర్తి గారు గ్రంథాలయము స్థాపించిరి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికా మండలిని స్థాపింపగా, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రచించిన లింకను చరిత్ర మరుసటి యేటనే వెలువడినది. స్వరాజ్యమునకు ముందు స్వభాషయందు జ్ఞానము కావలెనని వారెరిగిరి. 1914లో విజయవాడయందు అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణము గారు కాలువలపై పడవలో పుస్తకముల నెక్కించి పల్లెలకు పంపిరి. పాఠకుడు పుస్తకముకడకు రాలేనిచో పుస్తకమే పాఠకునికడకు పోవలెనన్నది వారి పట్టుదల.

మన ఉత్తరాంధ్రమునందే మఱియొక నిదర్శనము. కథకులు కాళీపట్నము రామారావు గారు తమకు లభించిన పురస్కార ధనమును వెచ్చించి శ్రీకాకుళమున కథానిలయమును నిర్మించిరి. 1997 ఫిబ్రవరి 22న, ఇట్టి శీతకాలపు చివరనే, దాని తలుపులు తెరువబడినవి. ఆయన 2021లో దివంగతులైరి, కథానిలయము నిలిచియున్నది.

వడ్డాదికి అక్షరము క్రొత్తది కాదు. ఒడ్డాది రాజధానిగా మత్స్యవంశీయులు ఏలిన సీమ యిది. సమీపముననున్న దిబ్బిడలో దొరకిన తామ్రశాసనము ఆ వంశపు అర్జునునిది. శకము 1191, అనగా క్రీస్తుశకము 1269 నాటిది. దానిని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ ఐదవ సంపుటమున ఆంగ్లమున ప్రకటించినవారు గిడుగు రామమూర్తి పంతులు గారు. తమ పొలముల క్రింద నున్న చరిత్రను తెలిసికొనుటకు వడ్డాది రైతుబిడ్డ ఆంగ్లసంపుటములను వెదకికొని పోవలసియుండుట తగునా? అట్టి విషయములు సులభమైన తెలుగున చిన్న పుస్తకములై ఊరి అంగడిలో పది ఇరువది రూపాయలకు దొరకవలెను. వ్రాయుటకు మన ఉపాధ్యాయులు గలరు. అచ్చుకు ధనమీయగల భూస్వాములును గలరు.

చేయదగినదేమి?

ఫోను తెరచినచో పుస్తకము ఇంటికే వచ్చుచుండగా అంగడి యెందులకని కొందరందురు. ఈ మాటను త్రోసిపుచ్చజాలము. దూరపు పల్లెలవారికి అది మేలే చేసినది. కాని ఫోనులో మనకు పేరు తెలిసిన పుస్తకము దొరకును. అంగడిలో మనకు పేరు తెలియని పుస్తకము కంటబడును. చదువరి అంగడిలో నిలిచి నాలుగు పుటలు తిరుగవేసి, వెదకివచ్చినదానిని విడిచి వేరొకటి కొనిపోవుట అరుదు కాదు. బాలుడు తండ్రి వ్రేలు పట్టుకొనివచ్చి బొమ్మల పుస్తకము నెత్తుకొని వదలకపోవుట ఫోనులో జరుగునది కాదు.

కావున కొన్ని మాటలు మనవి చేసెదము. బెల్లము అమ్మిన దినమున ప్రతి రైతుకుటుంబమును ఒక్క తెలుగు పుస్తకము కొనుట నియమముగా పెట్టుకొనవలెను. మాఘమాసపు పెండ్లిండ్లలో వధూవరుల కిచ్చు కానుకలలో నొకటి పుస్తకము కావలెను. అంగడివాడు తనకు వచ్చిన క్రొత్త పుస్తకముల పట్టికను వారమునకొకసారి బల్లపై వ్రాసి బయట నుంచవలెను. పేరు తెలియని సరకును ఎవరును అడుగరు. పదిమంది పాఠకులు కూడి ముందుగా కొంత ధనమును అతనివద్ద నుంచి, ఏడాదిపొడుగునను వచ్చు మంచి పుస్తకములను అందుండి తీసికొనినచో అతనికి అప్పు బాధ తప్పును. ఫాల్గుణాంతమున క్రొత్త అమావాస్యతో ఆరంభమగు అనకాపల్లి నూకాంబిక జాతరకు వచ్చు జనము అపారము. గాజుల దుకాణముల నడుమ ఒక పుస్తకముల దుకాణమునకు చోటు దొరకదా?

గ్రంథాలయముల బాధ్యత వేరుగా చెప్పవలెను. 1948 నాటి మద్రాసు చట్టమునకును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమునకును ఫలముగా మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయముల పేర వసూలగుచున్నవి. కొనుగోళ్లు సకాలమున జరుగుటలేదన్నది ప్రకాశకుల చిరకాలపు ఫిర్యాదు. ఆ ధనము గ్రంథాలయమునకు చేరుచున్నదా, చేరినది పుస్తకములగుచున్నదా అని యడుగుట పన్ను కట్టినవాని హక్కు. ఏటేట క్రొత్త పుస్తకములలో కొంత భాగమును స్థానిక వర్తకునివద్దనే కొనుమని కోరుటయు సముచితమే.

స్వదేశి యనగా మన నేతగాని బట్ట కట్టుట యొక్కటియే కాదని పూర్వులు బోధించిరి. మన భాషలో వ్రాసినవానిని, అచ్చువేసినవానిని, మోసికొనివచ్చి మన వాకిట నిలిపినవానిని పోషించుటయు స్వదేశియే. ఈ మాఘమున గానుగలు ఆగకముందే, చేతిలోని డబ్బు చెల్లాచెదరు కాకముందే, ఒక్క సాయంకాలము అంగడికి పోయి ఆ వెనుక అరను చూపుమని అడుగుడు. అడిగినవాడున్నాడని తెలిసినచో వచ్చు ఏడు ఆ అర రెండగును.