చిన్న కుక్కే కదా అని!

"అమ్మగారూ, మీ పింకీ కరిచింది" అని మంగమ్మ చెయ్యి చూపిస్తే ముందు నాకు నవ్వొచ్చింది. నాలుగు కిలోలు కూడా తూగని పామేరియన్! అది కరవడమేమిటి, పళ్లు ఆనించి ఉంటుందిలే అనుకున్నాను. తీరా చూస్తే మణికట్టు దగ్గర రెండు గాట్లు, సన్నగా రక్తం.

పావుగంటసేపు సబ్బుతో, కుళాయి నీళ్లతో కడిగించి ఆస్పత్రికి తీసుకెళ్లాను. పింకీకి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నామన్నా డాక్టరుగారు ఊరుకోలేదు, సూదులు మొదలుపెట్టారు. (ఒకప్పటిలా బొడ్డు చుట్టూ 14 కాదు లెండి, ఇప్పుడు చేతికే, నాలుగో అయిదో.) మంగమ్మ మిగతా ఇళ్లలో రెండు రోజులు పని మానేసింది. ఆ డబ్బులు మేమిచ్చాం గానీ, ఆ తర్వాత నెల్లాళ్లు మా హాల్లో అడుగుపెట్టడానికే భయపడింది. "దీన్నెవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు మావారు. పిల్లలు ఒకటే ఏడుపు.

పశువుల డాక్టరుగారు మందేమీ రాయలేదు. "కరిచే ముందు ఏం చేసింది?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. మంచం కింద చపాతీ ముక్క పెట్టుకు కూర్చుంది పింకీ. మంగమ్మ చీపురు లోపలికి పెట్టగానే గుర్రుమంది. "అబ్బో, పులి వచ్చింది!" అని ఇంటిల్లిపాదీ నవ్వాం.

"గుర్రుమనడమే దాని మాటమ్మా. అంతకుముందు తల తిప్పుకుంటుంది, మూతి నాక్కుంటుంది, బిగుసుకుపోతుంది. మీరు వినకపోతే ఇక పళ్లే. గుర్రుమన్నందుకు కొట్టారనుకోండి, ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది" అన్నారాయన.

నిజమే. అల్సేషియన్ గుర్రుమంటే ఎవరం అడుగు ముందుకేస్తాం? చిన్నదైతే ఎత్తుకుంటాం, ముద్దులాడతాం, కాళ్లు గింజుకుంటున్నా వదలం!

పునాది తప్పు కూడా మాదే. నెల పిల్లగా తెచ్చుకున్నాం. ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గర, తోబుట్టువులతో ఉండాలట. ఆటలో ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. పళ్లు ఎంతవరకు ఆనించాలో పిల్లలు నేర్చుకునేది అక్కడే. నాలుగో నెలలో 28 పాలపళ్లు ఊడడం మొదలై, ఆరేడు నెలలకు 42 పళ్లూ వస్తాయి. ఆ దురదకు తడిగుడ్డ మెలిపెట్టి ఫ్రిజ్‌లో చల్లబరచి ఇస్తే సరిపోయేది. మేం వేళ్లు అందించి మురిసిపోయాం.

ఇప్పుడు ఆటలో పళ్లు తగిలితే అరవం, కొట్టం. లేచి అవతలికి వెళ్లిపోతాం, అర నిమిషం పలకం. నోట్లోది లాక్కోం. ఉడికించిన కోడి ముక్క దూరంగా వేస్తే అదే లేచి వెళుతుంది. పైనుంచి వంగి ఎత్తుకోకుండా, కూర్చుని పిలుస్తాం. రావాలనుంటే వస్తుంది. ఎన్నడూ కరవని కుక్క హఠాత్తుగా కరిస్తే మాత్రం ముందు డాక్టరుకి చూపించాలి. ఈ చిన్న జాతుల్లో పంటి జబ్బులు, మోకాలి చిప్ప జారడం ఎక్కువ. నొప్పి ఉన్నచోట చెయ్యి పడితే ఎవరికైనా కోపమే కదా!

ఫలితానికి మూడు నెలలు పట్టింది. మంగమ్మ ఇప్పుడు గుమ్మంలోంచే "పింకమ్మా, లే తల్లీ, ఊడవాలి" అని బిస్కెట్టు ముక్క విసురుతుంది. అది తోకాడిస్తూ వరండాలోకి వెళ్తుంది. మావారే, అది గుర్రుమన్నప్పుడల్లా "అబ్బో..." అనబోయి నాలిక్కరుచుకుంటుంటారు.