పై ప్రాణాలు పైనే: ఆగిపోయిన జిప్పర్ డిప్పర్ గురించి

రోలర్ కోస్టర్ బండికి ఇంజన్ ఉండదు. పోయిన వారం లంచ్‌లో ఈ మాట అంటే మా బెంచీలో ఎవరూ నమ్మలేదు. "మరి అంత స్పీడుగా ఎట్లా పోతుంది?" అని ఒకరు, "కింద గదిలో మనిషి కూర్చుని నడుపుతాడు" అని ఇంకొకరు. అసలు మాట మొదలైంది ఎస్సెల్‌వరల్డ్ దగ్గర. జిప్పర్ డిప్పర్ భయంగా ఉండేదా, ఉత్త గోలేనా అని వాదన. ఎక్కినవాళ్ళం ఆరుగురం, ఆరు రకాలుగా చెప్పాం. వెళ్ళి తేల్చుకుందామంటే అది లేదు. అందుకే ఈసారి గోడపత్రికకి దాని సంగతి రాస్తానని మేడమ్‌తో చెప్పాను.

ఫస్టియర్ చెల్లెళ్ళలో కొందరికి ఎస్సెల్‌వరల్డ్ అంటే పేరు మాత్రమే తెలుసు కాబట్టి ముందు రెండు ముక్కలు. గొరాయ్‌లో 1989లో మొదలైన పార్కు అది. ముంబై బడుల్లో "సహల్" అనగానే పిల్లలు మొదట అరిచే పేరు అదే. బోరివలిలో దిగి, గొరాయ్ జెట్టీకి పోయి, పడవెక్కి ఖాడీ దాటాలి. పడవ కదిలిందంటే ఇక స్కూలు లేదు, లెక్కల టీచర్ లేదు. నన్నడిగితే సగం సరదా ఆ పడవలోనే అయిపోయేది. దగ్గరపడుతుంటే విపశ్యన పగోడా బంగారు శిఖరం కనబడేది. 2009లో ప్రారంభమైన ఆ పగోడా లోపల వేలమంది కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చుంటారు, పక్కనే వేలమంది పిల్లలు కళ్ళు మూసుకుని గొంతు చించుకునేవాళ్ళు. ఇంత విచిత్రమైన ఇరుగుపొరుగు ఇంకెక్కడైనా ఉందా అని నాకు అనుమానం. 2022లో ఎస్సెల్‌వరల్డ్ మూతపడింది. 1998లో దాని పక్కన మొదలైన వాటర్ కింగ్‌డమ్ నడుస్తూనే ఉంది. పగోడాకి పోయేవాళ్ళు ఇప్పటికీ ఆ ఖాడీ దాటుతూనే ఉన్నారు.

సరే, బండి సంగతి. మామూలు రోలర్ కోస్టర్‌లో మోటారు పట్టాల దగ్గర ఉంటుంది, బండిలో కాదు. మొదటి ఎత్తు కింద ఒక పొడుగాటి గొలుసు తిరుగుతూ ఉంటుంది. బండి అడుగున ఉన్న కొక్కెం ఆ గొలుసుని పట్టుకుంటుంది, గొలుసు బండిని పైకి లాక్కుపోతుంది. శిఖరం దాటగానే కొక్కెం వదిలేస్తుంది. ఆ తర్వాత చేసేదంతా భూమ్యాకర్షణే. ఎంత ఎత్తుకి ఎక్కామో అంతే మన పెట్టుబడి, మిగతా దారంతా దాన్ని ఖర్చుపెట్టుకుంటూ పోవడమే. పట్టాల రాపిడికి కొంత, గాలికి కొంత పోతుంది. అందుకే మొదటి ఎత్తుని మించిన ఎత్తు తర్వాత రాదు. పది మీటర్ల ఎత్తు నుంచి జారితే, రాపిడి లెక్క వదిలేస్తే, కిందికి వచ్చేసరికి వేగం గంటకి 50 కిలోమీటర్లు. ఇరవై మీటర్లయితే 71. ఎత్తు రెట్టింపైతే వేగం రెట్టింపు కాదన్నమాట. ఇంకో తమాషా, లావుగా ఉన్నవాళ్ళు కూర్చుంటే వేగం పెరుగుతుందని మా స్కూల్లో పాపం ఒకమ్మాయిని ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఈ లెక్కలో మనిషి బరువుకి చోటే లేదు.

ఎక్కినవాళ్ళకి అన్నిటికంటే గుర్తుండేది పైకి పోయేటప్పటి "టక్ టక్ టక్". నెమ్మదిగా, ఆకాశం వైపు, ముందు ఏముందో కనబడకుండా. గొలుసు ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అన్నట్టు వినబడేది. నిజానికి అది తెగే చప్పుడు కాదు. పట్టాల మధ్యన రంపం పళ్ళలాంటి పట్టీ ఒకటి ఉంటుంది. బండికి ఉన్న ఇంకో కొక్కెం ఒక్కొక్క పన్ను మీదికి ఎక్కి దిగుతూ పోతుంది, ఆ దిగినప్పటి చప్పుడే టక్. పైకి పోవడానికి అడ్డం రాదు, వెనక్కి జారబోతే మాత్రం పన్ను పట్టి ఆపేస్తుంది. గొలుసు నిజంగానే తెగినా బండి అక్కడే నిలబడుతుంది. జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1910లో ఇలాంటి ఏర్పాటుకి పేటెంట్ తీసుకున్నాడు. బండి పట్టాల మీంచి లేచిపోకుండా కింది వైపు కూడా చక్రాలు పెట్టే పద్ధతికి 1919లో పేటెంట్ తీసుకున్నదీ ఆయనే.  1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఐదు సెంట్లకి ఎక్కించిన బండి గంటకి పది కిలోమీటర్లు పోయేదట. మన కాలేజీ గేటు ముందు ఆటో అంతకంటే వేగంగా మలుపు తిరుగుతుంది.

అంటే మనల్ని ఎక్కువగా భయపెట్టిన చప్పుడు మనల్ని పట్టుకుని ఉన్న చప్పుడే. పదేళ్ళప్పుడు ఇది ఎవరైనా చెప్పి ఉంటే ఆ రైడ్ నాకు సగం చప్పబడిపోయేదేమో. చెప్పకపోవడమే మంచిదైంది.

ఇప్పుడు అసలు విషయం, ఒంట్లో ఏమవుతుంది. వేగం మనకి తెలియదు. విరార్ ఫాస్ట్ లోకల్ స్టేషన్ల మధ్య గంటకి యాభై కంటే వేగంగానే పోతుంది, అందులో నిలబడి నిద్రపోయేవాళ్ళని రోజూ చూస్తున్నాం. ఒంటికి తెలిసేది వేగంలో వచ్చే మార్పు. చెవి లోపల అర్ధవలయాకారంలో మూడు గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగితే ఆ ద్రవం కాస్త వెనకబడుతుంది, మెదడుకి కబురు వెళుతుంది. వాటి పక్కనే సున్నపు పలుకుల్లాంటి చిన్న చిన్న రేణువులు ఒక జిగురు పొర మీద కూర్చుని ఉంటాయి. పైకి, కిందికి, ముందుకి కదిలితే అవి జారి కబురు పంపుతాయి. కళ్ళు ఒకటి చెప్పి చెవి ఇంకొకటి చెప్పిందంటే కడుపులో దేవుతుంది.

పల్లంలోకి వచ్చి మళ్ళీ పైకి తిరిగే చోట ఒళ్ళంతా బరువెక్కుతుంది. ఆ బరువు రెట్టింపయ్యే చోట ముప్ఫై కిలోల పిల్ల ఆ క్షణానికి అరవై కిలోలు. మెడ వంగిపోతుంది, చెంపలు కిందికి లాగుతాయి. శిఖరం మీద దీనికి సరిగ్గా తలకిందులు. బండి కిందికి తిరుగుతుంది, మన ఒళ్ళు మాత్రం ఇంకా పైకి పోదామనే చూస్తుంది. తొడల మీద ఉన్న కడ్డీ ఒంటిని ఆపుతుంది కానీ లోపలున్న కడుపుని, పేగుల్ని ఏ కడ్డీ ఆపుతుంది? అవి ఒక్క క్షణం ఆలస్యంగా దిగుతాయి. దీన్ని మనవాళ్ళు రెండు రకాలుగా చెబుతారు. "గుండె జారిపోయింది" అని ఒకటి, "పై ప్రాణాలు పైనే పోయాయి" అని ఒకటి. రెండూ రోలర్ కోస్టర్ ఎక్కని కాలం నాటి మాటలే. కానీ రెండిట్లో సరైనది రెండోదే అని నా తీర్పు. గుండె జారదు. మనిషి జారుతాడు, లోపలున్నవి పైన ఉండిపోతాయి. సైన్సు పుస్తకంలో పేజీన్నర పట్టే సంగతిని జాతీయం నాలుగు మాటల్లో చెప్పేసింది. ఏ ఎత్తుగట్టు మీంచి దూకినవాడు మొదట అన్నాడో మరి.

ఫోన్‌లో ఆ రైడ్ వీడియోలు దొరుకుతాయి. చూశాను. పట్టాలు కనబడతాయి, అరుపులు వినబడతాయి, నా ప్రాణాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పాత సినిమా పోతే ప్రింటు దొరకొచ్చు, పుస్తకం పోతే ఏ లైబ్రరీలోనో ఒక కాపీ ఉంటుంది. రైడ్ అలా కాదు. అది ఇనుములో సగమే ఉంటుంది, మిగతా సగం ఎక్కినవాళ్ళ ఒంట్లో ఉంటుంది. భయపడినప్పుడు ఊరే అడ్రినలిన్ వల్ల ఆ క్షణం మెదడులో గట్టిగా అచ్చుపడుతుంది. అందుకే ఐదో తరగతి సోషల్ పాఠం ఒక్కటీ గుర్తులేదు కానీ ఆ కడ్డీకి పట్టిన తుప్పు వాసన గుర్తుంది. మళ్ళీ తెరిచినా ఆ సగం తిరిగి రాదు. ఇప్పుడు నా మోకాళ్ళు ముందు సీటుకి తగులుతాయి.

ఇంగ్లీషులో దీన్ని నాస్టాల్జియా అంటారు. ఆ మాట కవులు పుట్టించింది కాదు. జొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో తన సిద్ధాంత గ్రంథం కోసం కూర్చుకున్నాడు. గ్రీకులో నోస్టోస్ అంటే ఇల్లు చేరడం, ఆల్గోస్ అంటే నొప్పి. దూరదేశాల్లో ఉండి ఇంటికోసం చిక్కిపోయే వాళ్ళ రోగానికి పెట్టిన పేరది. మనం దాన్ని గతస్మృతి అనీ ఇంకేదో అనీ అనువదిస్తాం గానీ హోఫర్ చెప్పిన రోగానికి మన ఇళ్ళలో ఎప్పటినుంచో పేరుంది. అది బెంగ. "పిల్ల వాళ్ళమ్మ మీద బెంగ పెట్టుకుంది, జ్వరం వచ్చింది" అంటారు కదా, అచ్చంగా అదే. బెంగలో ఉన్న సుగుణం ఏమిటంటే "మీద" అనకుండా వాక్యం ఒప్పుకోదు. దేని మీద బెంగ? ఎవరి మీద? నేను ఇది రాస్తూ ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఇనుప పట్టాల మీదనా?

మా అవ్వకి ఇదంతా చాదస్తం. మా తాత పనిచేసిన మిల్లు, 1982 జనవరిలో మొదలైన పెద్ద సమ్మె తర్వాత మళ్ళీ సరిగ్గా తెరుచుకోలేదు. ఆ సమ్మెలో బొంబాయి మిల్లు కార్మికులు దాదాపు రెండున్నర లక్షల మంది. వాళ్ళలో మన తెలుగువాళ్ళు, ముఖ్యంగా పద్మశాలీలు ఎంతమందో. నేను రాసుకుంటుంటే అవ్వ అడిగింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

చెప్పాను.

"మిల్లు బందైతె గూడ మేం గింత రాసుకోలె. ఉరికే బండి బందైతె ఏంది?"

రెండూ ఒకటి కాదని నాకూ తెలుసు. మిల్లు మూతపడితే పొయ్యి ఆరింది. రైడ్ ఆగితే మాకు పోయిందేమీ లేదు. అందుకే జవాబు చెప్పకుండా మాట మార్చాను. "నువ్వూ వచ్చినవ్ గదవ్వా ఒక దీపావళి సెలవులకి, ఎందుకు ఎక్కలే?" అన్నాను.

"చీర కట్టుకొని ఎట్ల ఎక్కుత? మీ చెప్పులు, సంచులు ఎవరు పట్టుకుంటరు?"

అది విన్నాక నాకు ఆ చోటు ఇంకో వైపు నుంచి కనబడింది. ప్రతి రైడ్ కింద, కంచె పక్కన, ఒక వరుస ఉండేది. చేతుల నిండా చెప్పులు, నీళ్ళ సీసాలు, ఎవరివో కళ్ళద్దాలు, చున్నీలు. ఎక్కువమంది అమ్మలు, అవ్వలు, పిన్నులు. లోపలికి టికెట్ వాళ్ళకీ కొన్నారు, కానీ వాళ్ళ రైడ్ మా అరుపులు వినడమే. మేం పైన తిరిగి కిందికి వచ్చేసరికి ఎవరి సంచి ఎవరిదో మరిచిపోకుండా ఇచ్చేవాళ్ళు. నేను తర్వాత ఎప్పుడైనా అవ్వని ఎక్కించాలని అప్పుడు అనుకోలేదు, పదేళ్ళ పిల్లకి ఆ ఊహే రాదు. ఇప్పుడు వచ్చింది, బండి లేదు.

టక్ టక్ చప్పుడు సంగతి, వెనక్కి జారనివ్వని కొక్కెం సంగతి చెబితే మాత్రం అవ్వ ఆసక్తిగా వింది. "మగ్గానికి గూడ ఉంటది గదా, నేసిన బట్ట చుట్టుకునే కర్రకి. పండ్ల చక్రం, దాని మీద కొక్కెం. అది లేకుంటె బట్ట వదులై పోతది" అంది. నిజమే, రెండిటి పనీ ఒకటే. ముందుకి వదులుతుంది, వెనక్కి వదలదు. "గంతేనా? గది తెలిస్తె నేనూ ఎక్కేదాన్ని" అని నవ్వింది. నిజంగా ఎక్కేదో, నన్ను ఊరుకోబెట్టడానికి అందో.

ఈ కాగితం కింద జానెడు జాగా వదిలాను. పెన్ను దారానికి కట్టి ఉంది, దయచేసి పట్టుకుపోవద్దు. మీరు ఎక్కిన రైడ్ పేరు రాయండి, అది జాతరలో రంగులరాట్నమైనా సరే. దాని పక్కన, ఆ రోజు కింద మీ చెప్పులు ఎవరు పట్టుకున్నారో కూడా రాయండి.