"లేడీ డాక్టర్ ఉన్నారా?" - ఈ ఒక్క ప్రశ్న నుంచి పుట్టిన దవాఖానా, ఓఖ్లా హోలీ ఫ్యామిలీ కథ

మన ఇళ్ళలో ఆడవాళ్ళను దవాఖానాకు తీసుకెళ్ళాలంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటే. "లేడీ డాక్టర్ ఉన్నారా?" ఇప్పుడు హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో, కర్నూలులోనో ఈ ప్రశ్నకు జవాబు దొరకడం పెద్ద కష్టం కాదు. కానీ వందేళ్ళ కింద ఆ జవాబు దొరకకే ఎంతోమంది తల్లులు కాన్పు మంచం మీదే కన్నుమూశారు.

ఢిల్లీలో జామియా మిల్లియాలో చదవడానికి వెళ్ళిన మన తెలుగు పిల్లలకు హోలీ ఫ్యామిలీ హాస్పిటల్ బాగానే తెలుసు. ఓఖ్లా రోడ్డు మీద యూనివర్సిటీ పక్కనే ఉంటుంది. జ్వరం వచ్చినా, యాక్సిడెంట్ అయినా, కాన్పు అయినా జామియా నగర్ వాళ్ళ నోట ముందు వచ్చే పేర్లలో అదొకటి. నడిపేది కాథలిక్ క్రైస్తవులు. చుట్టూ ఉన్నది ఎక్కువగా ముస్లిం బస్తీలు. ఇది ఎలా కుదిరింది అని వెనక్కి వెళ్ళి చూస్తే కథ ఢిల్లీలో మొదలవ్వదు. రావల్పిండిలో, పర్దా వెనక మొదలవుతుంది.

రావల్పిండిలో ఏం జరిగింది?

ఆగ్నెస్ మెక్‌లారెన్ స్కాట్లాండ్ మహిళ. 1837లో పుట్టారు. ఆ రోజుల్లో బ్రిటన్ యూనివర్సిటీలు ఆడవాళ్ళకు డాక్టర్ డిగ్రీ ఇచ్చేవి కావు. అందుకని ఆమె ఫ్రాన్స్ వెళ్ళి మోంపెల్యే యూనివర్సిటీలో చదివి 1878లో డాక్టరయ్యారు. 61 ఏళ్ళ వయసులో కాథలిక్ మతంలోకి వచ్చారు. తర్వాత ఉత్తర భారతంలో పర్దా పాటించే ఆడవాళ్ళు మగ డాక్టర్ దగ్గరికి వెళ్ళలేక చనిపోతున్నారని తెలుసుకున్నారు. 1909లో, 72 ఏళ్ళ వయసులో, రావల్పిండి వచ్చి స్త్రీలు, పిల్లల కోసం సెయింట్ కేథరీన్ ఆసుపత్రికి పునాది వేశారు.

ఆసుపత్రి అయితే పెట్టారు, మరి అందులో పనిచేసే లేడీ డాక్టర్లు ఎక్కడ? ఆమె ఆలోచన సింపుల్. కాథలిక్ సిస్టర్లు ఎలాగూ జీవితాంతం సేవలోనే ఉంటారు, వాళ్ళనే డాక్టర్లుగా చదివిస్తే సరిపోతుంది కదా! ఇక్కడే అసలు అడ్డంకి ఎదురైంది.

సిస్టర్లు డాక్టర్లు కాకూడదన్న రూలు

కాథలిక్ చర్చి చట్టం ప్రకారం సన్యాసినులు వైద్య వృత్తి చేయకూడదు. కాన్పులు చేయడం అసలే కుదరదు. వాళ్ళ మర్యాదకు, వ్రతానికి అది తగదని వందల ఏళ్ళుగా ఉన్న పట్టింపు.

అంటే పరిస్థితి ఎలా ఉందో చూడండి. ఇటు పర్దాలో ఉన్న ముస్లిం స్త్రీ మర్యాద కోసం మగ డాక్టర్‌కు చూపించుకోదు. అటు వైద్యం చేయడానికి సిద్ధంగా ఉన్న సిస్టర్ మర్యాద పేరుతోనే డాక్టర్ కాలేదు. రెండు మర్యాదల మధ్య తల్లి ప్రాణం పోతోంది.

మెక్‌లారెన్ ఈ రూలు మార్చమని పలుమార్లు రోమ్ వెళ్ళి అడిగారు. మారలేదు. 1913లో ఆమె చనిపోయారు. అయితే చనిపోయేలోపు ఆస్ట్రియాకు చెందిన అన్నా డెంగెల్ అనే అమ్మాయితో ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. కానీ మెక్‌లారెన్ పని ఆ అమ్మాయి భుజాన వేసుకుంది. బ్రిటిష్ ఇండియాలో పనిచేయాలంటే బ్రిటిష్ డిగ్రీ కావాలి కాబట్టి ఐర్లాండ్‌లోని కార్క్ వెళ్ళి చదివి 1919లో డాక్టరయ్యారు. 1920లో రావల్పిండి చేరారు.

అక్కడ దాదాపు నాలుగేళ్ళు పనిచేశాక డెంగెల్‌కు ఒక విషయం అర్థమైంది. ఒక డాక్టర్ వచ్చి నాలుగేళ్ళు చేసి వెళ్ళిపోతే లాభం లేదు. ఒకరు పోతే ఇంకొకరు వచ్చే సంస్థ ఉండాలి. 1925 సెప్టెంబర్‌లో అమెరికాలోని వాషింగ్టన్‌లో ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు నర్సులు, మొత్తం నలుగురు ఆడవాళ్ళతో మెడికల్ మిషన్ సిస్టర్స్ సంస్థ మొదలైంది. రూలు ఇంకా అలాగే ఉంది కాబట్టి మొదట్లో వాళ్ళు అధికారికంగా సన్యాస వ్రతాలు తీసుకోలేకపోయారు. 1936 ఫిబ్రవరిలో రోమ్ ఆ రూలు సడలించింది. సిస్టర్లు డాక్టర్లు కావచ్చు, కాన్పులూ చేయవచ్చు అని ఒప్పుకుంది.

ప్రపంచమంతటా ఉన్న ఒక చర్చి చట్టం మారడానికి వెనక ఉన్న కారణాల్లో రావల్పిండి ముస్లిం తల్లుల కష్టం ఒకటి. ఈ సంగతి మన వాళ్ళలో చాలామందికి తెలియదు.

ఓఖ్లాకు ఎలా వచ్చింది?

సిస్టర్లు 1920లలోనే రావల్పిండిలో హోలీ ఫ్యామిలీ పేరుతో ఆసుపత్రి తెరిచారు. తర్వాత పాట్నాలో ఒకటి. 1948లో మదర్ తెరెసా కలకత్తా బస్తీల్లో పని మొదలుపెట్టే ముందు కొన్ని వారాలు వైద్య శిక్షణ తీసుకున్నది పాట్నా హోలీ ఫ్యామిలీలోనే.

1947 విభజనతో రావల్పిండి పాకిస్తాన్‌కు వెళ్ళింది. అక్కడి హోలీ ఫ్యామిలీ తర్వాతి కాలంలో ప్రభుత్వం చేతిలోకి పోయింది. ఇప్పుడు రావల్పిండి మెడికల్ యూనివర్సిటీకి అనుబంధ ఆసుపత్రి. పేరు మాత్రం ఇప్పటికీ హోలీ ఫ్యామిలీయే.

ఢిల్లీ హోలీ ఫ్యామిలీ 1953లో మొదలైంది. అప్పటి ఓఖ్లా అంటే ఊరి బయట, యమునా కాలువ పక్కన పల్లె. జామియా మిల్లియా అంతకు కొన్నేళ్ళ ముందే, 1930లలో, కరోల్ బాగ్ నుంచి అక్కడికి మారింది. ఆ జామియాను నిలబెట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ మన హైదరాబాద్‌లో పుట్టినవారే. ఆయన ఖబ్ర్ కూడా జామియా క్యాంపస్‌లోనే ఉంది. ఊరి బయట ఒక పక్క ముస్లింలు పెట్టుకున్న యూనివర్సిటీ, ఇంకో పక్క సిస్టర్లు పెట్టిన ఆసుపత్రి. నగరం పెరిగి పెరిగి రెండింటినీ చుట్టేసింది.

సిస్టర్ల తర్వాత నిర్వహణ ఢిల్లీ కాథలిక్ ఆర్చ్‌డయోసిస్ చేతికి వచ్చింది. ఇప్పుడు 300కు పైగా పడకలు, నర్సింగ్ కాలేజీ ఉన్నాయి. 1970లో రాహుల్ గాంధీ పుట్టిందీ ఈ ఆసుపత్రిలోనే.

గుంటూరుకు ఇదే వేరు

మెక్‌లారెన్ కథ రావల్పిండితో ఆగలేదు. ఆమె గురించి అచ్చయిన ఒక చిన్న పుస్తకం 1915లో ఆస్ట్రేలియాలో డాక్టర్ మేరీ గ్లౌరీ చేతిలో పడింది. అది చదివి ఇండియా రావాలని నిర్ణయించుకున్నారు. 1920లో గుంటూరు చేరి జీసస్ మేరీ జోసెఫ్ సంస్థలో సిస్టరయ్యారు. రూలు అడ్డు ఉన్నా పోప్ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకుని వైద్యం చేశారు. గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి ఆమె చేతి మీద పెరిగిందే. 1943లో ఆమె మొదలుపెట్టిన కాథలిక్ ఆసుపత్రుల సంఘం ప్రధాన కార్యాలయం ఇవాళ సికింద్రాబాద్‌లో ఉంది.

గుంటూరుకు లేడీ డాక్టర్ కొత్త కాదు. అంతకు ముందే 1883లో లూథరన్ మిషన్ తరఫున అమెరికా నుంచి అన్నా శారా కుగ్లర్ వచ్చారు. తమాషా ఏమిటంటే, డిగ్రీ ఉన్నా ఆమెను మొదట డాక్టర్‌గా పంపలేదు. జనానాల్లో ఆడవాళ్ళకు చదువు చెప్పే టీచరమ్మగా పంపారు. టీచరమ్మ చేతిలో మందులపెట్టె ఉందని తెలిశాక రోగులు ఆగుతారా? 1898లో ఆసుపత్రి కట్టారు. అదే ఇప్పటి కుగ్లర్ హాస్పిటల్.

లాభాపేక్ష లేదంటే ఫ్రీ అనా?

చాలామంది పొరబడేది ఇక్కడే. "ట్రస్టు హాస్పిటల్ అన్నారు, మరి బిల్లు ఎందుకు వేశారు?" అని కౌంటర్ దగ్గర గొడవపడతారు. లాభాపేక్ష లేదంటే ఉచితం అని కాదు. ఫీజు తీసుకోవచ్చు, సంవత్సరం చివర మిగులు కూడా ఉండొచ్చు. కానీ ఆ మిగులును ఎవరూ పంచుకోకూడదు. షేర్లు, డివిడెండ్లు ఉండవు. మిగిలిన డబ్బు కొత్త మెషీన్‌కో, కొత్త వార్డుకో, పేదల బిల్లుకో పోవాలి. ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే ట్రస్టు తన ఆదాయంలో కనీసం 85 శాతం తన ఆశయం కోసమే ఖర్చు చూపాలి.

మనకు సులువుగా అర్థం కావాలంటే వక్ఫ్‌తో పోల్చుకోండి. వక్ఫ్ చేసిన ఆస్తి ఎవరి సొంతమూ కాదు. దాని మీద వచ్చే రాబడి చెప్పిన పనికే వాడాలి. ముస్లిం ప్రపంచంలో బీమారిస్తాన్‌లు అలాగే నడిచాయి. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన ఆసుపత్రికి వక్ఫ్ ఆస్తుల రాబడే ఆధారం. అందులో ఆడవాళ్ళకు విడిగా వార్డులు ఉండేవి. మతం పేరుతో దవాఖానా పెట్టి అందరికీ వైద్యం చేయడం మనకు పరాయి ఆలోచన కాదు.

ఢిల్లీలో ఉండే మన వాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ప్రభుత్వం దగ్గర రాయితీ ధరకు స్థలం తీసుకున్న ప్రైవేటు ఆసుపత్రులు ఇన్‌పేషెంట్లలో 10 శాతం, ఓపీలో 25 శాతం పేదలకు ఉచితంగా చూడాలి. 2007లో ఢిల్లీ హైకోర్టు, 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పాయి. ఇది దయ కాదు, హక్కు. అడగాలి.

మతం మారుస్తారా అన్న భయం

ఈ ప్రశ్న దాటేసి వెళ్ళడం నిజాయితీ కాదు. డెంగెల్, గ్లౌరీ, కుగ్లర్ ముగ్గురూ మిషనరీలే. తమ మతం మీద నమ్మకంతోనే వచ్చారు, ఆ సంగతి దాచుకోలేదు. భయపడ్డ కుటుంబాలు ఉన్నాయి, ఆ భయం అర్థం చేసుకోదగిందే. కానీ ఓఖ్లా ఆసుపత్రి చుట్టూ 70 ఏళ్ళలో పెరిగింది ఏమిటో చూస్తే జవాబు దొరుకుతుంది. దేశంలోనే పెద్ద ముస్లిం బస్తీల్లో ఒకటి దాని గోడ పక్కనే ఉంది. మసీదులూ మదర్సాలూ పెరిగాయి. పిల్లలు అక్కడే పుట్టారు, చెవిలో అజాన్ చెప్పించుకుని ఇంటికి వచ్చారు.

2008 సెప్టెంబర్ 19న బట్లా హౌస్ ఎన్‌కౌంటర్‌లో తూటాలు తగిలిన పోలీసు ఇన్‌స్పెక్టర్ మోహన్ చంద్ శర్మను తీసుకొచ్చింది ఈ ఆసుపత్రికే. ఆయన ఇక్కడే చనిపోయారు. 2019 డిసెంబర్ 15న జామియా క్యాంపస్‌లోకి పోలీసులు వెళ్ళిన రోజు గాయపడ్డ విద్యార్థుల్లో కొందరిని తీసుకొచ్చిందీ ఈ ఆసుపత్రికే. ఆ రెండు రోజుల గురించి దేశం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంది. ఎమర్జెన్సీ వార్డుకు ఆ వాదనతో పని లేదు. వచ్చినవాడికి రక్తం కారుతోందా లేదా అన్నదే లెక్క.

మరి మనం?

మెక్‌లారెన్ ఒక్క సమస్యను పట్టుకున్నారు. ఆడవాళ్ళు చనిపోకూడదంటే ఆడ డాక్టర్లు కావాలి, ఆడ డాక్టర్లు కావాలంటే ఆడపిల్లలను చదివించాలి, చదివించాలంటే అడ్డున్న రూలు మార్చాలి. రూలు మారేసరికి ఆమె లేరు. అయినా పని ఆగలేదు.

మన ఇళ్ళలో "లేడీ డాక్టర్ ఉన్నారా?" అని అడిగే నోళ్ళే కొన్నిసార్లు ఇంటర్ బైపీసీ పాసైన కూతురితో "ఇంక చదివింది చాలు బేటా" అంటున్నాయి. మనందరం లేడీ డాక్టర్ కావాలంటాం, కానీ ఆ డాక్టర్ వేరేవాళ్ళ ఇంటి నుంచి రావాలనుకుంటాం. ఈసారి దవాఖానా కౌంటర్ దగ్గర ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఇంట్లో నీట్ రాస్తానంటున్న అమ్మాయి గుర్తుకొస్తే చాలు.