విధానమా, ఉత్తర్వా? పాఠశాల పాలకుల ఉన్నతాధ్యయనం – బనగానపల్లె నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాఠశాలలను నడిపే ప్రధానోపాధ్యాయులు, మండల విద్యాశాఖాధికారుల కోసం ‘విద్యా నాయకత్వం – విద్యా విధానం’ అనే అధ్యయనశాఖ విశ్వవిద్యాలయ స్థాయిలో రూపుదిద్దుకుంది. ఆ చదువుకు ఆంధ్రప్రదేశ్ పదోన్నతి నిబంధనలలో చోటు లేకపోవడం ఒక లోటు. దానిలోని కీలక భావనలకు తెలుగులో స్థిరమైన అర్థం ఏర్పడకపోవడం అంతకంటె లోతైన లోటు. బనగానపల్లె ప్రాంతాన్ని ఆధారం చేసుకుని ఈ రెండింటి సంబంధాన్ని వివరించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: పాఠశాల నాయకత్వం, విద్యా విధానం, ప్రధానోపాధ్యాయుడు, పదోన్నతి, పారిభాషిక పదజాలం, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:

బనగానపల్లె స్వాతంత్ర్యానికి పూర్వం నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానం. 1948లో భారత యూనియన్‌లో విలీనమై కర్నూలు జిల్లాలో కలిసింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో నంద్యాల జిల్లాకు మారింది. మామిడి ఈ ఊరి పేరును దేశమంతటా చాటింది. ఇక్కడి వారికి కూలి పెట్టేది మాత్రం ఎక్కువగా నాపరాతి గనులు, మెట్ట సేద్యం. శ్రీశైలం కుడిగట్టు కాలువ నీరందిన పొలాలు కొన్నయితే, వానమీదే ఆధారపడిన పొలాలు మరికొన్ని. సంస్థానకాలపు వారసత్వంగా తెలుగుతోపాటు ఉర్దూ కూడా ఇళ్ళలో వినిపిస్తుంది.

ఇటువంటి చోట ఒక ఉన్నత పాఠశాలను నడపడమంటే హాజరుపట్టీ, జీతాల బిల్లు, మధ్యాహ్న భోజనం లెక్క మాత్రమే కాదు. గనిలో పని దొరికిన రోజుల్లో బడికి రాని పిల్లవాని విషయం, ఇంటిభాష ఒకటి, పాఠ్యభాష మరొకటి అయిన పిల్ల చదువు, పదో తరగతికి ముందే పెళ్ళి మాట వచ్చిన బాలిక భవిష్యత్తు ప్రధానోపాధ్యాయుని బల్లమీదికి వస్తాయి. వీటిని ఎదుర్కొనే శిక్షణ ఆయనకు ఎక్కడ, ఏ భాషలో లభిస్తున్నదన్నది ప్రశ్న.

2. పదోన్నతి నేర్పే పాఠం:

ప్రభుత్వ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయ పదవి ప్రధానంగా స్కూల్ అసిస్టెంట్ల పదోన్నతి ద్వారా భర్తీ అవుతుంది. సీనియారిటీ మొదటి అర్హత. దానికి తోడు ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే శాఖాపరీక్షలలో ఉత్తీర్ణత కావాలి. ఉపాధ్యాయ లోకంలో ‘డిపార్ట్‌మెంట్ టెస్టులు’గా పిలిచే గెజిటెడ్ ఆఫీసర్ల పరీక్ష, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల పరీక్ష ఇవే. వీటిలో ప్రధానాంశాలు శాఖా నియమాలు, సేవానిబంధనలు, పద్దుల నిర్వహణ. అవి అవసరమే. ట్రెజరీ నుండి బిల్లు వెనక్కి వస్తే నష్టపోయేది బడి, ఉపాధ్యాయులే. అయితే ఒక సంస్థ తన పెద్దను ఏ పరీక్షతో ఎంచుకుంటుందో, ఆ పెద్దనుండి ఏమి ఆశిస్తున్నదో కూడా ఆ పరీక్షే చెబుతుంది. ఇక్కడి పరీక్ష ఆశించేది తప్పులేని పద్దును.

మండల స్థాయిలో పరిస్థితి మరీ చిక్కు. 1985లో మండల వ్యవస్థ ఏర్పడిన తరువాత బడుల పర్యవేక్షణ క్రమంగా మండల విద్యాశాఖాధికారి చేతికి వచ్చింది. ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయుల ఏకీకృత సర్వీసు నిబంధనల వివాదం దశాబ్దాలపాటు న్యాయస్థానాలలో నలగడంతో ఈ పదవులు అనేక మండలాల్లో ‘ఇన్‌ఛార్జి’లతోనే నడిచాయి. సొంత పాఠశాలను చూసుకుంటూ మండలమంతటినీ చూసే ప్రధానోపాధ్యాయునికి విధానాధ్యయనం చేసే తీరిక ఎక్కడిది?

3. చదువు ఉంది, దారి లేదు:

పాఠశాల పాలనను విశ్వవిద్యాలయ విషయంగా మలిచినవారిలో అమెరికా దేశీయులు ముందున్నారు. కబ్బర్లీ పాఠశాల పాలనపై రాసిన గ్రంథం 1916లోనే వెలువడింది. నేడు అక్కడి అనేక రాష్ట్రాల్లో ప్రిన్సిపాల్ కావడానికి సంబంధిత స్నాతకోత్తర విద్య, లైసెన్సు అవసరం. ఇంగ్లండ్ కొత్త ప్రధానోపాధ్యాయులకు 2009లో ఒక జాతీయ అర్హతను తప్పనిసరి చేసి, 2012లో ఆ నిర్బంధాన్ని తొలగించింది. పట్టా తప్పనిసరి చేస్తే నాయకత్వం దానంతట అదే రాదన్న వాదనకు ఆ దేశానుభవం పనికివస్తుంది.

భారతదేశంలో ఈ చదువు పుట్టుక వేరు. 1962లో యునెస్కో తోడ్పాటుతో ఢిల్లీలో వెలసిన ఆసియా ప్రాంతీయ కేంద్రం 1970లో జాతీయ స్టాఫ్ కళాశాలగా, 1979లో జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థగా (నీపా) మారి, 2006లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది. విద్యాధికారుల శిక్షణకోసం ఏర్పడిన సంస్థ పరిశోధనకు, పట్టాలకు విస్తరించింది. దానిలో భాగమైన జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం రూపొందించిన పాఠ్యప్రణాళికలో ఏడు కీలక రంగాలున్నాయి. స్వీయవికాసం, బోధనాభ్యసన ప్రక్రియను మార్చడం, బృందాన్ని నిర్మించడం, నూతన ప్రయత్నాలు, సమాజంతో భాగస్వామ్యం మొదలైన వాటి సరసన పాలననిర్వహణ ఒక రంగం మాత్రమే. శాఖాపరీక్షలో దాదాపు సర్వస్వమైనది ఇక్కడ ఏడింట ఒకటి! నీపా, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్నాతకోత్తర డిప్లొమాలు అందిస్తున్నాయి. ఎం.ఎడ్.లోనూ విద్యా నిర్వహణ, విధానాధ్యయనం ప్రత్యేకాంశాలుగా ఉండే వీలుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రధానోపాధ్యాయులకు కూడా ఏటా 50 గంటల వృత్తివికాసాన్ని సూచించింది.

కర్నూలు జిల్లాకు ఈ గాలి కొత్త కాదు. 1990ల మధ్యలో జిల్లా ప్రాథమిక విద్యా పథకం రాష్ట్రంలో తొలివిడత అమలైన ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. మండల వనరుల కేంద్రం వంటి మాటలు ఆ పథకంతోనే ఉపాధ్యాయుల నోట స్థిరపడ్డాయి. శిక్షణలు వచ్చాయి, మాడ్యూళ్ళు వచ్చాయి. కాని రెండు మూడు రోజుల శిక్షణ వేరు, ఒక ప్రశ్నను పట్టుకుని ఏడాదిపాటు చదివి, సమాచారం సేకరించి, వాదించి రాసే స్నాతకోత్తర అధ్యయనం వేరు.

4. పదాల చిక్కు:

తెలుగు పరిశోధకులు నిలిచి చూడవలసిన చోటు ఇది. హిందీలో జాతీయ విద్యా విధానాన్ని ‘శిక్షా నీతి’ అంటారు. తెలుగులో ‘నీతి’ క్రమంగా నైతికవర్తన అన్న అర్థానికి కుదించుకుపోయి, ‘రాజనీతి’, ‘దండనీతి’ వంటి సమాసాలలోనే పాత విస్తృతిని నిలుపుకుంది. అందువల్ల ఇంగ్లీషు ‘పాలసీ’కి ‘విధానం’ స్థిరపడింది. అయితే బోధన విధానం, పరీక్షా విధానం, వంట విధానం అన్నచోట కూడా అదే పదం. ‘విధానం’ అనగానే తెలుగువాని మనసుకు తోచేది చేసే పద్ధతి. అనేక ప్రత్యామ్నాయాలలో ఒకదాన్ని ఎంచుకోవడం, అందువల్ల కొందరికి మేలు, కొందరికి భారం కలగడం అన్న స్ఫురణ అందులో కొరవడింది. ఊరిలో ‘పాలసీ’ అంటే బీమా. బడిలో విధానం కాగితంగా కనబడేది ‘జీవో’, ‘ప్రొసీడింగ్స్’, ‘సర్క్యులర్’ అన్న పేర్లతోనే. ‘పైనుంచి వచ్చింది’ అన్న మాట ఆ మూడింటికీ చాలు.

‘నాయకత్వం’ పరిస్థితి ఇంతకంటె మెరుగేమీ కాదు. ముఠా తగాదాల చరిత్ర ఉన్న రాయలసీమలో నాయకుడంటే ముందుగా గుర్తొచ్చేది వెనుక జనమున్న రాజకీయ పెద్ద. ఉపాధ్యాయుణ్ణి విద్యానాయకుడంటే కొంత ఎబ్బెట్టుగా తోచడం సహజమే. వ్యుత్పత్తి మాత్రం మరో దారి చూపుతుంది. నాయకుడు, నీతి, వినయం, ఉపనయనం అన్నీ తీసుకుపోవడమనే అర్థమున్న ‘నీ’ ధాతువునుండి పుట్టినవే. శిష్యుణ్ణి చదువుకు చేరువ చేసే సంస్కారమూ, నాయకత్వమూ ఒకే మూలానికి చెందినవన్నమాట. పాఠ్యపుస్తకాలు ‘లీడర్‌షిప్’ను యథాతథంగా దిగుమతి చేసుకునే ముందు ఈ చుట్టరికాన్ని పట్టించుకుంటే బాగుండేది.

5. ఒక ఉత్తర్వును చదవడం:

2022 జూన్‌లో వెలువడిన 117వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఉపాధ్యాయుల హేతుబద్ధీకరణకు సంబంధించినది. దానితోపాటు ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించే ప్రక్రియ సాగింది. 2025లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును పక్కనపెట్టి పాఠశాలలను మరో తీరుగా పునర్వ్యవస్థీకరించింది. మూడేళ్ళలో రెండు మార్పులు. శాఖాపరీక్ష నేర్పిన చదువుతో చూస్తే ప్రధానోపాధ్యాయునికి ఇందులో కనబడేవి మిగులు పోస్టులు, బదిలీలు, రికార్డుల అప్పగింత.

విధానాధ్యయనం నేర్పే చదువు వేరు ప్రశ్నలు వేస్తుంది. ఏ సమస్యకు ఇది పరిష్కారం? సబ్జెక్టు ఉపాధ్యాయుడు మూడో తరగతికి అందడం వల్ల కలిగే లాభాన్ని దేనితో కొలవాలి? తల్లిదండ్రులు తెల్లవారకముందే గనికి వెళ్ళే ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లను రోడ్డు దాటించేదెవరు? పక్కవీధి బడికి చేయి పట్టుకుని తీసుకెళ్ళే అవ్వ అంతదూరం నడవగలదా? ఉర్దూ మాధ్యమ విభాగం ఏ బడిలో నిలుస్తుంది? ఇవి ఉత్తర్వును ధిక్కరించే ప్రశ్నలు కావు. అమలును నమోదుచేసి పైకి తిరిగి చెప్పడానికి అవసరమైన ప్రశ్నలు. ఆ నమోదు లేనప్పుడు మొదటి ఉత్తర్వు ఎక్కడ మేలు చేసిందో, ఎక్కడ చెడిందో రెండో ఉత్తర్వు రాసేవారికి కింది నుండి తెలిసే మార్గం ఉండదు.

ఇందుకు చట్టబద్ధమైన ఒక పత్రం ఇప్పటికే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది స్త్రీలు ఉండాలి. 22వ సెక్షన్ ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేయాలని, అది ప్రభుత్వ నిధులకు ప్రాతిపదిక కావాలని చెబుతుంది. ఆచరణలో ఇది తరచు నమూనా పత్రంలోని ఖాళీలు నింపడంగా మిగిలిపోతున్నది. అయినా ప్రధానోపాధ్యాయుడూ, గనికూలీ అయిన తల్లీ కలిసి తెలుగులో రాయగల విద్యా విధాన పత్రం ఇదొక్కటే. ఒక మండలంలోని పాఠశాలల అభివృద్ధి ప్రణాళికలు, కమిటీ తీర్మానాల భాషను వరుస సంవత్సరాలకు సేకరించి పరిశీలిస్తే ఎం.ఎడ్. సిద్ధాంతవ్యాసానికీ, తెలుగు శాఖలో సామాజిక భాషాశాస్త్ర పరిశోధనకూ సరిపడే సామగ్రి లభిస్తుంది. ‘తీర్మానించడమైనది’ అన్న క్రియకు కర్త ఎవరన్నది ఆ పరిశోధనలో తొలి ప్రశ్న కావచ్చు.