మీకు తెలుసా? అడిగిన ఫైలు ఒకటి, దిగిన ఫైలు మరొకటి!

హ్యాకర్లు సర్వర్ల మీద పడతారని అందరికీ తెలుసు. సర్వరే మన కంప్యూటర్ మీద పడగలదన్న సంగతి చాలామందికి తట్టదు. టెర్మినల్‌లో ఫైళ్లు కాపీ చేసుకోవడానికి వాడే 'ఎస్‌సీపీ' కమాండ్‌దే ఈ కథ.

దీని పద్ధతి 1980ల నాటి 'ఆర్‌సీపీ' కమాండ్ నుంచి వచ్చింది. ఫైలు అడిగేది మనమే అయినా, ఏ ఫైలు ఏ పేరుతో పంపాలో తేల్చేది సర్వర్. అడిగిందే వచ్చిందా అని మన వైపు ప్రోగ్రామ్ సరిగా చూసేది కాదు. హోమ్ ఫోల్డర్‌లోకి ఏదో రిపోర్టు దించుకుంటుంటే, దొంగ సర్వర్ దాంతోపాటు షెల్ సెట్టింగుల ఫైలునూ తోసేయగలదు. ఈసారి టెర్మినల్ తెరిస్తే నడిచేది వాడి కమాండ్లే! పైగా కంట్రోల్ కోడ్లు పంపి, ఆ అదనపు ఫైలు పేరు తెరమీద కనపడకుండా చేయొచ్చు కూడా. ఎన్‌క్రిప్షన్‌కు ఏమీ కాలేదు. దారి భద్రమే, అవతలివాడే దొంగ.

ఫిన్లాండ్ పరిశోధకుడు హ్యారీ సింటొనెన్ కనిపెట్టిన ఈ లోపాలు 2019 జనవరిలో బయటపడ్డాయి. అదే ఏడాది, ఎస్‌సీపీ ఉండే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ 8.0 వెర్షన్‌లో పేర్లు సరిచూసే ఏర్పాటు చేశారు. అది అతుకే. పాత పద్ధతిని బాగుచేయడం కష్టమని తయారీదారులే ఒప్పుకున్నారు. 2022లో వచ్చిన 9.0 నుంచి ఎస్‌సీపీ లోపల 'ఎస్‌ఎఫ్‌టీపీ' అనే మరో పద్ధతి నడుస్తోంది. పాత సర్వర్ల కోసం పెద్ద 'ఓ' ఆప్షన్ ఇస్తే మాత్రం మళ్లీ ఆ పాతదే!