ధాత కరువు జాడలలో

యాత్ర యనగానే మనకు గుడియో, కొండయో, సముద్రతీరమో తలపునకు వచ్చును. మరణించినవారిని తలచుకొనుటకై చేయు యాత్ర మరియొకటి కలదు. పోలండునందలి ఔష్విట్జ్ మృత్యుశిబిరమును 1947లో స్మారక ప్రదర్శనశాలగా తీర్చిరి. ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో, 1840 దశాబ్దపు క్షామమున ఆకలితో ఓడలవైపు నడచినవారి కంచు విగ్రహములు 1997 నుండి నదియొడ్డున నిలిచియున్నవి. అట్టి స్థలములు మన సీమలో లేవా యని శ్రోతలు అడుగవచ్చును. కలవు. కాని అవి స్మారకములుగా కట్టినవి కావు. తెలిసి చూచినవారికే అవి మాట్లాడును.

1876లో, ధాత నామ సంవత్సరమున, వానలు తప్పెను. మరుసటి ఈశ్వర సంవత్సరమునను ఆకాశము సకాలమున కరుణింపలేదు. 1878 వరకు సాగిన ఆ క్షామమే ధాత కరువు. 1871 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా జనము 9 లక్షలు దాటియుండగా, 1881 నాటికి 7 లక్షలకు లోబడెను. కడప జిల్లాలో 13 లక్షలకు పైబడినది 11 లక్షల చిల్లరకు దిగెను. లేనివారందరును చనిపోయిరని కాదు, వలసపోయినవారును కలరు. అయినను నలుగురిలో ఒకరు కానరాని ఊరిని ఒక్కసారి ఊహించుకొనుడు.

ఇది దైవికమా, మానుషమా? వానలు తప్పుట మనుష్యుల చేతిలోనిది కాదు. కాని ఆ సంవత్సరములలో దేశమునుండి ధాన్యపు ఎగుమతి ఆగలేదు. 1877 జనవరి 1న లిట్టన్ ప్రభువు ఢిల్లీలో మహావైభవముగా దర్బారు జరిపెను. ఆ నెలలోనే మద్రాసు రాజధానికి పంపబడిన సర్ రిచర్డు టెంపుల్, కరువుపనులలో రాళ్లు కొట్టు కూలివానికి రోజునకు ఒక పౌను ధాన్యము, అనగా నేటి లెక్కలో సుమారు 450 గ్రాములు, దానిపై స్వల్పముగా డబ్బును చాలునని నిర్ణయించెను. ఆ తిండితో మనిషి బ్రతుకజాలడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గట్టిగా వాదించెను. దీనిని జాతినిర్మూలన మనవచ్చునా? ఆ మాటకు ఒక జాతిని తుడిచివేయవలెనను సంకల్పము ముఖ్యము. కావున ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు. సంకల్పము లేకున్నను బాధ్యత తొలగదని మా అభిప్రాయము.

ఇక యాత్రకు బయలుదేరుదము. మొదట కర్నూలునకు ఎగువన తుంగభద్రపైనున్న సుంకేసుల. 1863లో పని ప్రారంభమై, ఇంచుమించు 300 కిలోమీటర్లు సాగి కడపను చేరు కె.సి. కాలువ ఇచ్చటనే పుట్టినది. రైళ్లకంటె కాలువలే జనమును కాపాడునని సర్ ఆర్థర్ కాటన్ ఆ కరువునాళ్లలో వాదించెను. కర్నూలునకు నాడు రైలు లేదు. గుత్తి వరకు వచ్చిన ధాన్యమును బండ్లపై తోలవలెను. మేతలేక ఎద్దులు చచ్చుచుండెను. కాలువగట్టున నిలిచి ఈ సంగతి తలచుకొన్నచో ఆ నీటి విలువ వేరుగా తోచును.

పిమ్మట, నేడు నంద్యాల జిల్లాలోనున్న ఉయ్యాలవాడ. అంతకు పదేండ్ల ముందు 1866లో వచ్చిన క్షామమున, బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి తన గాదెల ధాన్యముతో అన్నము పెట్టించిన ఊరిది. జానపదులు ఆయనపై పాటలు కట్టిరి. ఒక గృహస్థు చేయగలిగినది ఇచ్చట తెలియును. ప్రభుత్వము చేయవలసినది కూడ ఇచ్చటనే గుర్తునకు వచ్చును.

చివరకు కడపలోని బ్రౌను గ్రంథాలయము. ఆ దొర బంగళా ఉన్నచోటనే అది వెలసినది. 1832-33 గుంటూరు కరువునాడు అచ్చట ఉద్యోగిగానున్న బ్రౌను, పైవారు 'కొరత' యని వ్రాయుమన్నను 'క్షామ'మనియే వ్రాసి మందలింపబడెను. జరిగినదానికి దాని పేరే పెట్టుట స్మరణలో మొదటి మెట్టు.

యాత్రికునకు ఒక హెచ్చరిక. ధాత కరువునాడు హూపర్ అను సైనికోద్యోగి ఎముకలగూళ్లైన జనమును వరుసగా కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీసి, నాడే విమర్శకు పాత్రుడయ్యెను. ఆ చిత్రములు నేడు మనకు సాక్ష్యములు. కాని అందలి ఒక్కరి పేరును మనకు దక్కలేదు. కావున కెమెరా తీయుటకు ముందు ఒక్క నిమిషము మౌనముగా నిలువుడు. తిరిగి వచ్చిన రాత్రి ఇంటిలోని పెద్దలను అడిగి, తమ తాతముత్తాతల కరువుమాటలు చెప్పించుకొని వ్రాసి యుంచుడు. మనకు లేని శిలాశాసనము అదియే కాగలదు.